పదనిచ్చెన

పదనిచ్చెన ఒక పదక్రీడ. సమాన సంఖ్యలో అక్షరాలు గల రెండు పదాలను ఇచ్చి, మొదటి పదంలో ఒక్కొక్క అక్షరాన్ని మాత్రమే మారుస్తూ రెండవ పదాన్ని చేరుకొమ్మనడం ఇందులోని సమస్య. మార్పు చేసిన ప్రతిసారీ ఏర్పడేది నిఘంటువులో ఉన్న పదమే అయి ఉండాలి. పదాలను ఒకదాని క్రింద ఒకటి వ్రాసినప్పుడు నిచ్చెన మెట్లవలె కనబడతాయి కనుక ఆంగ్లంలో దీనికి వర్డ్ ల్యాడర్ అనే పేరు స్థిరపడింది. దీనిని కనిపెట్టిన లూయిస్ కారల్ పెట్టిన పేరు మాత్రం డబ్లెట్స్. వర్డ్ గోల్ఫ్, ల్యాడర్‌గ్రామ్స్ అనేవి కూడా ఈ క్రీడకు గల పేర్లే. ఆంగ్ల అక్షరమాలను ఆధారంగా చేసుకొని పుట్టిన ఆట అయినప్పటికీ, అక్షరం అనే మాటకు ముందుగా ఒక నిర్వచనం చెప్పుకొంటే దీనిని తెలుగులోనూ చక్కగా ఆడవచ్చును.

చరిత్ర

లూయిస్ కారల్ అసలు పేరు చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్ (1832–1898). 1865లో వెలువడిన ఆలిస్ కథ వలన ఆయన లోకమంతటికీ బాలసాహిత్య రచయితగా తెలుసు. వృత్తిరీత్యా ఆయన ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్ట్ చర్చ్ కళాశాలలో గణితశాస్త్ర అధ్యాపకుడు. తర్కశాస్త్రం మీద కూడా గ్రంథాలు వ్రాశాడు. ఈ రెండు అభిరుచులూ కలిసిన చోట పుట్టినదే ఈ ఆట.

1877 క్రిస్మస్ సెలవులలో జూలియా ఆర్నల్డ్, ఎథెల్ ఆర్నల్డ్ అనే అక్కచెల్లెళ్లు తమకు ఏమీ తోచడం లేదని అనగా, వారి కాలక్షేపం కోసం కారల్ ఈ సమస్యను కల్పించాడు. వీరిలో జూలియా తరువాతి కాలంలో లియొనార్డ్ హక్స్‌లీని వివాహమాడింది. జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ, నవలా రచయిత ఆల్డస్ హక్స్‌లీ ఈమె కుమారులే. 1879 మార్చి నుండి లండను పత్రిక వ్యానిటీ ఫెయిర్ ఈ సమస్యలను పోటీగా ప్రచురించింది. అదే సంవత్సరం మాక్మిలన్ సంస్థ వీటిని చిన్న పుస్తకంగా వెలువరించింది.

ఇచ్చిన రెండు పదాల జంటను కారల్ డబ్లెట్ అన్నాడు. మధ్యలో వచ్చే పదాలను లింకులు అని, మొత్తం వరుసను చెయిన్ అని పేర్కొన్నాడు. ఆయన సమస్యలలో జంటలోని రెండు పదాలకూ అర్థంలో ఏదో ఒక సంబంధం ఉంటుంది. తలను తోకగా మార్చడం, నలుపును తెలుపుగా మార్చడం, పందిని దాని దొడ్డిలోకి తోలడం, గోధుమను రొట్టెగా చేయడం వంటివి అందులో కొన్ని. కోతిని మనిషిగా మార్చే సమస్య కూడా ఉంది. మానవ పరిణామంపై డార్విన్ గ్రంథం 1871లో వెలువడినందున, నాటి పాఠకులకు ఈ సమస్యలోని చమత్కారం విడమరచి చెప్పవలసిన అవసరం ఉండి ఉండదు. జంట కుదిర్చేటప్పుడు అర్థసంబంధం నియమం కాదు, అలంకారం మాత్రమే. అయితే అది లేని సమస్యలు ఉప్పులేని పప్పువలె ఉంటాయి.

నియమాలు

నియమాలు కొద్దివే. మెట్టుకు ఒక అక్షరమే మారాలి. మిగిలిన అక్షరాలు తమ స్థానాలను వదలరాదు. అక్షరాన్ని చేర్చడం గాని తీసివేయడం గాని కూడదు. ప్రతి పదమూ వాడుకలో గాని నిఘంటువులో గాని ఉండాలి. వ్యక్తుల పేర్లు, ఊర్ల పేర్లు పనికిరావు. ఒకే జంటకు పలు సమాధానాలు ఉన్నప్పుడు తక్కువ మెట్లు గలది ఉత్తమమైనదిగా పరిగణిస్తారు.

ఈ వ్యాసంలో ఒక పదం నుండి తరువాతి పదానికి చేసే మార్పును మెట్టు అంటున్నాము. నాలుగు మెట్లలో చేరుకున్నామంటే మధ్యలో మూడు పదాలు ఉన్నాయని అర్థం. మెట్లను లెక్కించడమా, మధ్యపదాలను లెక్కించడమా అన్నది ఆటకు ముందే అనుకోవాలి.

ఆంగ్లంలో ఉదాహరణ

ఆంగ్లంలో ఎక్కువగా చూపే ఉదాహరణ చల్లదనాన్ని వెచ్చదనంగా మార్చడం. కోల్డ్ అనే పదం వర్ణక్రమం సి-ఓ-ఎల్-డి. ఇందులో ఎల్‌ను ఆర్‌గా మార్చితే సి-ఓ-ఆర్-డి, అనగా త్రాడు. ఓను ఎగా మార్చితే సి-ఎ-ఆర్-డి, అనగా చీటీ లేదా పేకముక్క. సిని డబ్ల్యుగా మార్చితే డబ్ల్యు-ఎ-ఆర్-డి, అనగా పట్టణంలోని వార్డు. చివరి డిని ఎమ్‌గా మార్చితే డబ్ల్యు-ఎ-ఆర్-ఎమ్, అనగా వెచ్చన. మొత్తం నాలుగు మెట్లు. మొదటి పదానికీ చివరి పదానికీ నాలుగు స్థానాలలోనూ తేడా ఉన్నందున ఇంతకంటె తక్కువ మెట్లలో చేరుకోవడం సాధ్యం కాదు.

తలను తోకగా మార్చే కారల్ సమస్య ఇంత సూటిగా సాగదు. హెచ్-ఇ-ఎ-డి, హెచ్-ఇ-ఎ-ఎల్, టి-ఇ-ఎ-ఎల్, టి-ఇ-ఎల్-ఎల్, టి-ఎ-ఎల్-ఎల్, టి-ఎ-ఐ-ఎల్ అన్నది ఆయన ఇచ్చిన వరుస. మూడవది ఒక జాతి బాతు పేరు. తేడా నాలుగు స్థానాలలో ఉన్నా ఐదు మెట్లు పట్టాయి. మూడవ స్థానంలోని ఎ అనే అచ్చు నేరుగా ఐ కాలేక, నడుమ ఎల్ అనే హల్లుగా మారి రావడమే ఇందుకు కారణం. ఆంగ్లంలో కఠినమైన సమస్యలన్నింటిలోనూ చిక్కు ఇక్కడే వస్తుంది. హల్లులను మార్చడం తేలిక, అచ్చుల స్థానాన్ని కదపడం కష్టం.

తెలుగులో పదనిచ్చెన

తెలుగు లిపికి ఈ క్రీడ సరిపడదని అనుకోవడానికి ఒక కారణం ఉంది. ఆంగ్లంలో అచ్చు వేరు, హల్లు వేరు. రెండూ వరుసలో ప్రక్కప్రక్కన కూర్చుంటాయి. తెలుగులో హల్లు, దానిమీది అచ్చు కలిసి ఒకే అక్షరమవుతాయి. మరి ఒక అక్షరాన్ని మార్చడమంటే ఏమిటి? లు అనే అక్షరాన్ని పూర్తిగా తీసివేసి డి పెట్టడమా, లేక హల్లును గాని అచ్చును గాని ఏదో ఒకదానిని మాత్రమే మార్చడమా? ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు ఉన్నాయి. వాటిని బట్టి తెలుగులో ఆట రెండు విధాలుగా సాగుతుంది.

మొదటిది అక్షర పద్ధతి. గుణింతపు గుర్తుతో సహా అక్షరం మొత్తం ఒకే మెట్టులో మారవచ్చు. కా స్థానంలో మీ రావచ్చు. ఇది పిల్లలకు సులువు.

రెండవది వర్ణ పద్ధతి. అక్షరంలోని హల్లును గాని అచ్చును గాని, ఒక మెట్టులో ఒకదానినే మార్చాలి. కా అనేది మా కావచ్చు, కీ కావచ్చు, కాని ఒకేసారి మీ కాకూడదు. లిపిలో కనబడకపోయినా క అనే అక్షరంలో అకారం ఉన్నదని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

రెండింటికీ గల తేడా నలుపు, తెలుపు అనే జంటలో స్పష్టంగా తెలుస్తుంది. అక్షర పద్ధతిలో దీనిని సమస్య అనడానికే వీలులేదు. మొదటి అక్షరం మార్చితే పని అయిపోయింది. వర్ణ పద్ధతిలో న అనేది తె కావాలంటే హల్లు ఒకసారి, అచ్చు ఒకసారి మారాలి. కనుక నలుపు, తలుపు, తెలుపు అని రెండు మెట్లు అవుతుంది. నలుపుకూ తెలుపుకూ నడుమ ఒక తలుపు ఉన్నదన్నమాట. ఇదే జంటకు ఆంగ్లంలో కారల్ ఇచ్చిన సమాధానానికి ఏడు మెట్లు పట్టాయి.

కారల్ గారి తల, తోక జంటను తెలుగులో అక్షర పద్ధతిలో మూడు మెట్లలో సాధించవచ్చు: తల, ఈల, ఈక, తోక. వర్ణ పద్ధతిలో ఈల అనే పదం పనికిరాదు. అందులో మొదటి అక్షరానికి హల్లు లేదు కనుక తల నుండి అక్కడికి పోవడమంటే ఒక వర్ణాన్ని తీసివేయడమే. అందుచేత వేరొక దారి చూడాలి: తల, కల, కోల, కోక, తోక. ఇది నాలుగు మెట్లు. కోల అనగా పొడవైన కర్ర లేదా బాణం. కోలాటంలో ఉన్నది ఈ కోలే. కోక అనగా చీర.

చలిని వేడిగా మార్చడం మరొక అందమైన ఉదాహరణ: చలి, చడి, వడి, వేడి. చడీచప్పుడు అనే జంటపదంలోని చడి ఇది. వడి అనగా వేగం. పాలను నీరుగా మార్చడానికి వర్ణ పద్ధతిలో మూడు మెట్లు: పాలు, పారు, నారు, నీరు. మార్పు కావలసిన వర్ణాలు ప్రతి జంటలోనూ మూడే. కనుక ఈ రెండూ అతి తక్కువ మెట్లతో సాధించినవే.

పెద్దలు ఆడదలచినప్పుడు వర్ణ పద్ధతినే అనుసరించడం మంచిది. రెండక్షరాల తెలుగు పదాలు అసంఖ్యాకంగా ఉన్నందున అక్షర పద్ధతిలో చాలా సమస్యలు రెండు మూడు మెట్లలోనే తేలిపోతాయి. ఆలోచించే అవకాశం ఉండదు. ఏ పద్ధతిని పాటించినా సరే, దానిని ముందే ప్రకటించాలి. ఆట మధ్యలో నిర్ణయించుకుందామనుకుంటే అది ఆటగా మిగలదు, వాదమవుతుంది.

ద్విత్వం, సున్న, పాత వర్తని

వర్ణ పద్ధతిలో మరికొన్ని విషయాలను కూడా ముందుగా తేల్చుకోవాలి. ద్విత్వాక్షరాన్ని ఒకే హల్లుగా లెక్కించాలా, రెండుగా లెక్కించాలా అన్నది అందులో మొదటిది. రెండుగా లెక్కిస్తే ట్ట అనేది త్త కావడానికి రెండు మెట్లు పడుతుంది. నడుమ నిలిచే ట్త వంటి రూపంతో పదమే ఉండదు కనుక దారి అక్కడే మూసుకుపోతుంది. ఒకటిగా లెక్కించినప్పుడు విత్తును చెట్టుగా పెంచవచ్చు: విత్తు, చిత్తు, చిట్టు, చెట్టు. చిట్టు అనగా ధాన్యం దంచినప్పుడు వచ్చే తవుడు వంటి పొడి. ద్విత్వాన్ని ఒకే స్థానంగా భావించడమే ఉచితం. సంయుక్తాక్షరానికి కూడా ఇదే వర్తిస్తుంది.

సున్న విషయంలో వ్రాతను అనుసరించాలే గాని ఉచ్చారణను కాదు. మంచు అనే పదంలో సున్న ఞకారంగాను, మంట అనే పదంలో ణకారంగాను పలుకుతుంది. ఉచ్చారణను పట్టుకొని ఇవి వేర్వేరు వర్ణాలని వాదిస్తే ఆట సాగదు. వ్రాతలో రెండూ సున్నలే. అలాగే సున్నను కొత్తగా చేర్చడం, ఉన్నదానిని తీసివేయడం వర్ణాన్ని చేర్చడం, తీసివేయడం క్రిందికే వస్తాయి. అందుచేత అవి కూడవు.

మూడవది నిఘంటువుకు సంబంధించినది. బ్రౌన్ నిఘంటువు, 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము వంటి పాత నిఘంటువులలో నేటి వర్తనికి భిన్నమైన రూపాలు కనిపిస్తాయి. నేడు మనం పారు అని వ్రాసే క్రియ వాటిలో బండిరతో పాఱు అని ఉంటుంది. తోక, మేక అనేవి అరసున్నతో తోఁక, మేఁక అని ఉంటాయి. ఆ వర్తనిని కచ్చితంగా పాటిస్తే పైన చూపిన నిచ్చెనలలో కొన్ని కూలిపోతాయి. కనుక పదం ఉన్నదా లేదా అని చూడడానికి నిఘంటువును, వర్ణాలను లెక్కించడానికి నేటి వర్తనిని ప్రమాణంగా తీసుకోవాలి.

విభక్తి రూపాలను, క్రియల కాలరూపాలను అంగీకరించాలా అన్నది కూడా వివాదాస్పదమే. మాకు, నీకు, తోలి, తాకి వంటివి అన్నీ పదాలేనంటే దేనికైనా దారి దొరుకుతుంది. అప్పుడు సమస్యకు విలువ ఉండదు. నిఘంటువులో ఆరోపంగా కనబడే పదాలను మాత్రమే అంగీకరించి, నిత్యబహువచనమైన పాలు వంటి వాటికి మినహాయింపు ఇవ్వడం సమంజసం. క్రియలు ధాతురూపంలో ఉండవచ్చు.

సాధించే విధానం

మొదట రెండు పదాలనూ వర్ణాలుగా విడగొట్టి ఒకదాని క్రింద ఒకటి వ్రాసుకోవాలి. ఎన్ని స్థానాలలో తేడా ఉన్నదో లెక్కించాలి. కనీసం అన్ని మెట్లు తప్పవు. ఇది దారిని చూపదు గాని, దొరికిన సమాధానాన్ని ఇంకా తగ్గించగలమా లేదా అని చెబుతుంది. గణితంలో ఈ సంఖ్యను హామింగ్ దూరం అంటారు. సంకేతాలలో దొర్లే దోషాలను గుర్తించి సరిదిద్దే పద్ధతులపై 1950లో వ్యాసం ప్రచురించిన రిచర్డ్ హామింగ్ పేరు మీద దీనికి ఆ పేరు వచ్చింది.

పిదప రెండు కొనల నుండీ పని ప్రారంభించాలి. మొదటి పదం నుండి మాత్రమే బయలుదేరడం చాలామంది చేసే పని. అలా చేస్తే ప్రతి మెట్టులోనూ కొమ్మలు పెరుగుతూ పోయి, వాటిలో ఏది గమ్యం వైపు పోతున్నదో తెలియకుండా పోతుంది. చివరి పదానికి ఇరుగుపొరుగు పదాలు ఎన్ని ఉన్నాయో ముందుగా చూసుకుంటే ఏ ద్వారం గుండా లోపలికి రావలసి ఉంటుందో తెలుస్తుంది.

మేకను పులిగా మార్చే సమస్యను తీసుకుందాం. పులిమేక అనే పాత ఆటను ఎరిగినవారికి ఈ జంట కొత్త కాదు. మేక అంటే మ్-ఏ-క్-అ. పులి అంటే ప్-ఉ-ల్-ఇ. నాలుగు స్థానాలలోనూ తేడా ఉంది కనుక నాలుగు మెట్లు తప్పవు.

పులి వైపు నుండి చూస్తే పొరుగు పదాలు తక్కువ. హల్లు మార్చితే నులి, పురి వస్తాయి. అచ్చు మార్చితే పాలి వస్తుంది. పాలి అనగా వంతు, భాగం. నా పాలి దైవం అన్నప్పుడు వినబడేది ఈ మాటే. వీటిలో పాలి మనకు ఎక్కువగా ఉపయోగపడేటట్టు కనబడుతున్నది. చివరి ఇకారాన్ని ఉకారం చేయగానే పాలు వస్తుంది. పాలు చుట్టూ కాలు, రాలు, పారు, పేలు, పూలు వంటి పదాలు గుంపుగా ఉన్నాయి. ఇక మేక వైపు నుండి చూద్దాం. మేత, మేడ, మేర, కేక, మూక, మేకు అనేవి దాని పొరుగు పదాలు. ఇందులో మొదటి ఐదూ అకారాంతాలు. మేకు మాత్రమే ఉకారాంతం. పులి వైపు నుండి వచ్చిన దారి కూడా ఉకారాంతం దగ్గరే ఆగింది కనుక మేకు తీసుకోవాలి. మేకు నుండి మేలు, మేలు నుండి పేలు, పేలు నుండి పాలు. రెండు దారులూ కలిసిపోయాయి. మేక, మేకు, మేలు, పేలు, పాలు, పాలి, పులి. మొత్తం ఆరు మెట్లు. పేలు అన్నది ఇక్కడ బాంబు పేలుతుంది అన్నప్పటి క్రియాధాతువు.

ఈ సాధనలో తెలుగుకు ప్రత్యేకమైన ఒక కిటుకు ఉంది. తెలుగు పదాలలో ఉకారాంతాలు మిక్కిలి ఎక్కువ. నామవాచకాలు, క్రియాధాతువులు, నిత్యబహువచనాలు అన్నీ అక్కడ కలుస్తాయి. అందుచేత ఒక కొన అకారాంతం, మరొక కొన ఇకారాంతం అయినప్పుడు నేరుగా పోవడానికి ప్రయత్నించకుండా ఉకారాంతాల మీదుగా పోవడం లాభదాయకం. రైలు ప్రయాణంలో పెద్ద జంక్షనుకు పోయి బండి మారడం వంటిది ఇది. మెట్టు ఒకటి పెరిగినా దారి దొరుకుతుంది.

మరొక కిటుకు కుదిరిన వర్ణాన్ని కదపడానికి వెనుదీయకపోవడం. మంచును మంటగా మార్చమన్నారనుకుందాం. మొదటి అక్షరమూ సున్నా రెండు పదాలలోనూ ఒకటే. మారవలసినవి చకారం, దానిమీది ఉకారం మాత్రమే. కాని మంచ అనే పదం గాని, మంటు అనే పదం గాని లేవు. అక్కడే తిరుగుతూ ఉంటే సమస్య తెగదు. ఎంతో చక్కగా కుదిరి ఉన్న మకారాన్ని తాత్కాలికంగా వదలుకోవాలి: మంచు, పంచు, పంచ, పంట, మంట. మకారం పకారమై, పని ముగిసిన తరువాత తిరిగి మకారమయింది. పంచ అనగా ఇంటి ముందు చూరు క్రింది భాగం. సరిగా ఉన్నదానిని చెడగొట్టుకోవడం విద్యార్థులకు మొదట ఇష్టముండదు గాని, కఠినమైన నిచ్చెనలు ఈ త్యాగం లేకుండా సాగవు.

కొన్ని పదాలు ఒంటరివి. తేనె అనే పదానికి వర్ణ పద్ధతిలో పొరుగు పదం వెదకడం దుర్లభం. హ్రస్వ ఎకారంతో ముగిసే రెండక్షరాల పదాలు తక్కువగా ఉండడమే కారణం. సమస్యను కూర్చేవారు ఇటువంటి పదాలను కొనలుగా ఎన్నుకోకుండా జాగ్రత్త పడాలి. సమస్య ఇచ్చేవారు ముందుగా తాము సాధించి చూసుకోవడం కనీస మర్యాద.

గణితం, కంప్యూటరు శాస్త్రం

ప్రతి పదాన్నీ ఒక బిందువుగా భావించి, ఒక్క మార్పుతో ఒకదాని నుండి మరొకదానికి పోగలిగిన పదాలను గీతతో కలిపితే ఒక వల ఏర్పడుతుంది. గణితంలో ఇటువంటి వలను గ్రాఫ్ అంటారు. పదనిచ్చెనను సాధించడమంటే ఆ వలలో రెండు బిందువుల నడుమ అతి దగ్గర దారిని కనుగొనడమే.

అమెరికా కంప్యూటరు శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ ఆంగ్లంలోని ఐదక్షరాల పదాలు 5757 తీసుకొని ఈ వలను నిర్మించాడు. 1993లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ గ్రాఫ్‌బేస్ అనే గ్రంథంలో దీనిని వివరించాడు. వాటిలో 671 పదాలకు ఒక్క పొరుగు పదం కూడా లేదని తేలింది. ఇటువంటి పదాలను ఆయన అలూఫ్ అన్నాడు. దూరంగా, ఎవరితోనూ కలవకుండా ఉండేదని ఆ మాటకు అర్థం. విశేషమేమంటే ఐదక్షరాల ఆ పదానికి కూడా పొరుగు పదం లేదు.

కంప్యూటరుచేత నిచ్చెనను సాధింపజేయడానికి బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్ అనే పద్ధతిని వాడతారు. మొదటి పదానికి ఒక మెట్టు దూరంలో ఉన్న పదాలన్నింటినీ ముందు చూసి, తరువాత రెండు మెట్ల దూరంలో ఉన్నవాటిని, పిదప మూడు మెట్ల దూరంలో ఉన్నవాటిని చూస్తూ పోవడం దీని స్వభావం. చెరువులో రాయి వేసినప్పుడు అలలు వలయాలుగా వ్యాపించినట్లు వెదకులాట వ్యాపిస్తుంది. గమ్యపదం తగిలిన వలయం సంఖ్యే అతి తక్కువ మెట్ల సంఖ్య. రెండు కొనల నుండీ వలయాలను వ్యాపింపజేసి కలిసిన చోట ఆపితే చూడవలసిన పదాల సంఖ్య బాగా తగ్గుతుంది. మేక, పులి సమస్యలో మనం చేసినది ఇదే. ప్రోగ్రామింగు నేర్చుకొనే విద్యార్థులకు ఇది నేటికీ పేరుపొందిన అభ్యాసం.

ఆంగ్లం కోసం వ్రాసిన ప్రోగ్రామును మార్చకుండా తెలుగు పదాలకు వాడితే అది విఫలమవుతుంది. యూనికోడులో తెలుగు గుణింతపు గుర్తుకు ప్రత్యేకమైన సంకేతం ఉంటుంది. హల్లులో ఇమిడి ఉన్న అకారానికి మాత్రం ఏ సంకేతమూ ఉండదు. కనుక కల అనే పదానికి రెండు సంకేతాలు, కోల అనే పదానికి మూడు సంకేతాలు అవుతాయి. మనకు రెండూ రెండక్షరాల పదాలే అయినా, యంత్రం దృష్టిలో వాటి పొడవులు వేరు. చిట్టు అనే పదానికి పొల్లుతో కలిపి ఆరు సంకేతాలు కావాలి. అందుచేత తెలుగు పదాన్ని ముందుగా హల్లుల స్థానాలుగా, అచ్చుల స్థానాలుగా విడగొట్టి, అకారాన్ని కూడా స్పష్టంగా వ్రాసి ఆ తరువాతనే పోల్చాలి. తెలుగు పదక్రీడలకు ప్రోగ్రాములు వ్రాయదలచినవారు మొదట చేయవలసిన పని ఇది.

జీవశాస్త్రంలో పోలిక

బ్రిటిషు జీవశాస్త్రవేత్త జాన్ మేనార్డ్ స్మిత్ 1970లో నేచర్ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో ప్రొటీనుల పరిణామాన్ని ఈ క్రీడతో పోల్చాడు. వర్డ్ అనే పదాన్ని జీన్ అనే పదంగా మార్చే నిచ్చెనను ఆయన ఉదాహరించాడు: డబ్ల్యు-ఓ-ఆర్-డి, డబ్ల్యు-ఓ-ఆర్-ఇ, జి-ఓ-ఆర్-ఇ, జి-ఓ-ఎన్-ఇ, జి-ఇ-ఎన్-ఇ. ప్రొటీనులో ఒక్కొక్క అమైనో ఆమ్లం మారుతూ కొత్త ప్రొటీను ఏర్పడాలంటే నడుమ వచ్చే ప్రతి ప్రొటీనూ జీవికి పనికివచ్చేదిగా ఉండాలి. పనికిరాని దశ గుండా పోయే దారిని ప్రకృతివరణం నిలువనీయదు. నిచ్చెనలో మధ్యపదం అర్థవంతంగా ఉండాలనే నియమం వంటిదే ఇది. పిల్లల కాలక్షేపానికి పుట్టిన నియమం ఒక శాస్త్రంలో తీవ్రమైన ప్రశ్నకు రూపమిచ్చింది.

సంబంధిత క్రీడలు

కారల్ తరువాతి కాలంలో సిజిజీస్ అనే మరొక పదక్రీడను కల్పించాడు. అందులో ప్రక్కప్రక్క పదాలకు ఉమ్మడిగా ఒక అక్షరాల గుంపు ఉండాలి. 1962లో వెలువడిన వ్లదిమీర్ నబొకొవ్ నవల పేల్ ఫైర్‌లో పదనిచ్చెన వర్డ్ గోల్ఫ్ అనే పేరుతో కనిపిస్తుంది. గోల్ఫు ఆటలో వలెనే ఇందులోనూ తక్కువ సంఖ్యలో ముగించినవారిదే గెలుపు.

అక్షరాన్ని మార్చి అర్థాన్ని మార్చే వినోదం మన సాహిత్యానికి కొత్త కాదు. సంస్కృత అలంకారికులు ప్రహేళికల సందర్భంలో చ్యుతాక్షరం, దత్తాక్షరం, చ్యుతదత్తాక్షరం అనే భేదాలను చెప్పారు. ఒక అక్షరాన్ని తొలగిస్తే వేరొక అర్థం రావడం మొదటిది, చేర్చితే రావడం రెండవది, ఒకటి తొలగించి ఆ స్థానంలో మరొకటి పెడితే రావడం మూడవది. ఈ మూడవదే పదనిచ్చెనలో ఒక మెట్టు. అయితే అక్కడ మార్పు ఒక్కసారితో ఆగిపోతుంది. ఒకదాని తరువాత ఒకటిగా గొలుసు కట్టి నిర్ణీత గమ్యానికి చేర్చడం కారల్ చేసిన కల్పన. అవధానాలలోని నిషిద్ధాక్షరి, న్యస్తాక్షరి కూడా అక్షరానికి నిర్బంధం విధించే ప్రక్రియలే గాని, వాటి ఉద్దేశం పద్యరచన.

అభ్యాసాలు

ఈ క్రింది జంటలను వర్ణ పద్ధతిలో సాధించవచ్చు. తరగతిలో నల్లబల్లపై ఆడించేటప్పుడు మొదటి పదాన్ని పైన, చివరి పదాన్ని అడుగున వ్రాసి నడుమ ఖాళీ గీతలు ఉంచితే పిల్లలు రెండు వైపుల నుండీ ఆలోచించడం అలవరచుకుంటారు.

నేలను మేడగా మార్చండి (మూడు మెట్లు).
కూలిని రాజుగా మార్చండి (నాలుగు మెట్లు).
గెలుపు నుండి మలుపుకు చేరండి (మూడు మెట్లు).

సమాధానాలు: నేల, నేత, మేత, మేడ. కూలి, కూలు, కాలు, రాలు, రాజు. గెలుపు, తెలుపు, తలుపు, మలుపు. రెండవదానిలో నాలుగు స్థానాలలోనూ తేడా ఉండగా నాలుగు మెట్లలోనే ముగిసింది కనుక దానిని ఇంకా తగ్గించడం సాధ్యం కాదు. మూడవదానిలో తేడా రెండు వర్ణాలలోనే ఉంది. రెండు మెట్లలో ముగించాలంటే నడుమ గలుపు గాని మెలుపు గాని రావాలి. ఆ రెండింటిలో ఏదైనా తమ నిఘంటువులో ఉన్నదేమో పాఠకులు వెదికి చూడవచ్చు.